ఏ కప్పు కింద ఏ వేళ వేడి

మే రెండో వారంలో ఒక రోజు మధ్యాహ్నం హైదరాబాద్‌లో నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడ పడదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కాస్త దక్షిణాన ఉన్న విజయవాడకి ఆ రోజు రెండు మూడు రోజుల ముందే వస్తుంది. అప్పటినుంచి ఆగస్టు మొదటి వారం దాకా మన మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. కాబట్టి వేసవి ముదిరిన రోజుల్లో, ఎండ బాగా మండే వేళకి, దక్షిణపు గోడ మీద నేరుగా ఎండే పడదు. తూర్పు గోడ పొద్దున, పడమటి గోడ సాయంత్రం కాస్త కాస్త ఎండ తింటాయి. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి గుంకేదాకా ఎండనంతా మోసేది కప్పు ఒక్కటే.

ఆ మోత ఎంతో లెక్క కట్టవచ్చు. మే నెలలో మన ప్రాంతంలో చదునుగా ఉన్న కప్పు మీద చదరపు మీటరుకి రోజుకి సుమారు 6 యూనిట్ల శక్తి పడుతుంది. కరెంటు బిల్లులో లెక్కపెట్టే యూనిట్టే ఇదీ. 50 చదరపు మీటర్ల చిన్న ఇల్లనుకుంటే రోజుకి 300 యూనిట్లు. ఏసీ లేని మామూలు కుటుంబం రెండు మూడు నెలల పాటు వాడుకునే కరెంటుకి సమానమైన శక్తి ఒక్క పగట్లో ఇంటి నెత్తిన దిగుతుందన్నమాట.

అయినా కప్పు గురించి ఇంట్లో మాట వచ్చినప్పుడు మనం తర్కించుకునేవి వేరు. వానకి కురుస్తుందా? ఎన్నేళ్ళు మన్నుతుంది? ఎంతవుతుంది? ఇవన్నీ అడగాల్సినవే. వేడి సంగతి వస్తే మాత్రం "చల్లగా ఉంటుందా" అని ఒక్క మాటతో సరిపెడతాం. ఆ ఒక్క మాట చాలదు. ఎండని పూర్తిగా ఆపేసే కప్పు లేదు. ఒక్కో కప్పు ఒక్కో వేళకి దాన్ని ఇంట్లోకి దించుతుంది. ఆ వేళకి కింద ఎవరుంటారు, ఏం చేస్తూ ఉంటారు అన్నది చూసుకుని కప్పు ఎంచుకోవాలి. నేను ఈ వ్యాసంలో చెప్పదలచింది ప్రధానంగా ఇదే.

ముందు రేకుల సంగతి చూద్దాం. ఐరన్ రేకు మందం అర మిల్లీమీటరు ఉంటుంది. అంత పల్చటి లోహంలో వేడి నిలవడానికి చోటు లేదు. పైన ఎండ తగిలిన కొద్ది నిమిషాల్లో అడుగుభాగం కూడా అంతే వేడెక్కుతుంది. వేసవి మధ్యాహ్నాల్లో రేకు 60 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల ఇంట్లో ఫ్యాను ఎంత తిరిగినా ప్రాణం కుదుటపడకపోవడానికి కారణం గాలి వేడి ఒక్కటే కాదు. వేడెక్కిన ప్రతి వస్తువూ కంటికి కనపడని పరారుణ కిరణాలను వెదజల్లుతుంది. 60 డిగ్రీలున్న కప్పు నుంచి, 34 డిగ్రీలున్న మన చర్మానికి, కప్పుకి ఎదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరుకీ దాదాపు 170 వాట్ల లెక్కన వేడి నేరుగా చేరుతుంది. దానికి మధ్యలో గాలితో పని లేదు. ఫ్యాను చెమటని ఆరబెట్టగలదు గానీ ఈ కిరణాలను అడ్డుకోలేదు. గదిలో థర్మామీటరు 40 అని చూపిస్తున్నా ఒళ్ళు అంతకు మించి కాగుతున్నట్టు అనిపించేది ఇందుకే.

ఇక్కడ ఒక విశేషం ఉంది. జింకు పూతతో తళతళలాడే కొత్త రేకు ఎండలో చాలా భాగాన్ని వెనక్కి కొడుతుంది. కానీ మెరిసే లోహానికి తనలోని వేడిని కిరణాలుగా వదిలే గుణం బాగా తక్కువ. అందుకే ఎండని తక్కువగానే పీల్చినా, పీల్చినదాన్ని ఆకాశంలోకి వదిలించుకోలేక కాలిపోతుంది. అదే గుణం అడుగువైపు మేలు చేస్తుంది, కిందివాళ్ళ మీదికి కిరణాలు కాస్త తక్కువగా పంపుతుంది. కొన్నేళ్ళకి తుప్పు పట్టి ఎరుపెక్కాక లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఎండనీ ఎక్కువే పీలుస్తుంది, కిందికీ ధారాళంగా కురిపిస్తుంది. పాత రేకుల ఇల్లు కొత్త రేకుల ఇంటికన్నా ఎక్కువ ఉడికిపోతుందని అందులో ఉండేవాళ్ళు చెప్పేది నిజమే.

రేకుకి ఒక మంచి గుణం కూడా ఉంది. పొద్దు గుంకగానే అది చల్లబడిపోతుంది. రాత్రి ఎనిమిదికల్లా అందులో పగటి వేడి ఆనవాలే ఉండదు. అలాగని రేకుల ఇల్లు పగలు పనికి పోయి రాత్రికి వచ్చేవాళ్ళకి ఫరవాలేదనుకుంటే తప్పు. పనికి పోయేవాళ్ళు పోతే ఇంట్లో మిగిలేది ముసలివాళ్ళూ, బాలింతలూ, పసిపిల్లలూ. మిట్టమధ్యాహ్నం రేకు కింద ఉండేది వాళ్ళే. ఎండ దెబ్బని తట్టుకోలేనిదీ వాళ్ళే.

రేకుల్లో సిమెంటు రేకులది వేరే కథ. మన పల్లెల్లో, పట్టణాల శివార్లలో లక్షలాది ఇళ్ళ మీద ఉన్న ఈ బూడిదరంగు రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ పీచు కలిసి ఉంటుంది. సిమెంటు పగలకుండా పట్టి ఉంచడానికి నూటికి పది పాళ్ళ దాకా క్రైసొటైల్ అనే తెల్ల ఆస్బెస్టాస్ కలుపుతారు. ఇది ఖనిజం. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనూ దొరుకుతుంది. ఒకప్పుడు తవ్వారు కూడా. 1986 తర్వాత దేశంలో దీనికి కొత్త గని లీజులు ఇవ్వడం ఆపేశారు. తవ్వకం ఆగినా వాడకం ఆగలేదు. రష్యా, కజకిస్తాన్ లాంటి దేశాల నుంచి ఇప్పటికీ దిగుమతి చేసుకుంటున్నాం. అన్ని రకాల ఆస్బెస్టాస్ కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. అరవైకి పైగా దేశాలు దీన్ని నిషేధించాయి. మన దేశంలో సిమెంటు రేకుల మీద ఆ నిషేధం లేదు.

దీని పోగులు ఎంత సన్నమంటే ఊపిరితో లోపలికి పోయి ఊపిరితిత్తుల అడుగున, వాటి చుట్టూ ఉన్న పొరలో చిక్కుకుని ఉండిపోతాయి. శరీరం వాటిని కరిగించుకోలేదు. జబ్బు బయటపడడానికి ఇరవై నుంచి నలభై ఏళ్ళు పట్టవచ్చు. "మా ఇంటిమీద ముప్ఫై ఏళ్ళుగా ఉంది, ఎవరికీ ఏం కాలేదు" అనే మాటతో ధైర్యపడకూడనిది అందుకే. రేకు పగలకుండా, కదలకుండా కప్పు మీద ఉన్నంతకాలం ముప్పు తక్కువ. మిషను పెట్టి కోసినప్పుడు, డ్రిల్లు వేసినప్పుడు, కోతులు దూకి విరిగినప్పుడు, వానలకి పైపొర అరిగి పొడి రాలుతున్నప్పుడు పోగులు గాలిలోకి లేస్తాయి. అందరికన్నా ముందు ఆ దుమ్ము పీల్చేది రేకులు కోసే పనివాడు. కొత్తగా ఇల్లు కప్పుకునేవారు ఆస్బెస్టాస్ రేకులు కొనవద్దనే నా గట్టి సలహా. ఆస్బెస్టాస్ లేని పీచు సిమెంటు రేకులు మార్కెట్లో దొరుకుతున్నాయి, కొనేముందు అడిగి తేల్చుకోవాలి. పాతవి దించాల్సి వస్తే నీళ్ళు చల్లి తడిపి, విరగకుండా మొత్తం రేకుగా దించాలి. రాలిన పొడిని చీపురుతో పొడిగా ఊడవకూడదు, తడిగుడ్డతో ఎత్తాలి. విరిగిన ముక్కలను పెరట్లో పొయ్యి చుట్టూనో కోళ్ళగూటికో వాడకూడదు.

ఇక స్లాబు. స్లాబు పడిందంటే ఇల్లు నిలబడిందన్న నమ్మకం మనది. ఆ నమ్మకానికి తగిన కారణాలున్నాయి. నిప్పంటుకోదు, కోతులకి లొంగదు, మీద ఇంకో అంతస్తు వేసుకోవచ్చు. వేడి విషయంలో మాత్రం దాని నడవడి రేకుకి పూర్తిగా వ్యతిరేకం. ఐదంగుళాల స్లాబు చదరపు మీటరుకి 300 కిలోల పైన తూగుతుంది. పైన పడ్డ ఎండ అంత కాంక్రీటులో ఇంకి, మెల్లగా కిందికి ప్రయాణిస్తుంది. ఆ ప్రయాణానికి మూడు నుంచి ఐదు గంటలు పడుతుంది. పైభాగం మధ్యాహ్నం ఒకటి రెండు గంటలకి బాగా వేడెక్కితే, అడుగుభాగం పరాకాష్ఠకి చేరేది సాయంత్రం ఐదుకీ ఏడుకీ మధ్య. బయట గాలి చల్లబడుతున్న వేళకి ఇంట్లో సీలింగు మండడం మొదలుపెడుతుంది.

50 చదరపు మీటర్ల స్లాబు 10 డిగ్రీలు చల్లారాలంటే సుమారు 36 యూనిట్ల వేడిని బయటికి వదలాలి. అందులో సగం ఆకాశంలోకి పోయినా మిగతా సగం ఇంట్లోకే వస్తుంది. వెయ్యి వాట్ల హీటరుని పడగ్గదిలో పెట్టి 18 గంటలు నడిపితే వచ్చే వేడి అది. చదరపు మీటరుకి ఇంత అని పుచ్చుకున్న బాకీని స్లాబు అర్ధరాత్రి దాటేదాకా తీరుస్తూనే ఉంటుంది. పల్లెల్లో డాబా ఉన్నవాళ్ళు వేసవిలో డాబా కింద పడుకోరు. సాయంత్రం పైన నాలుగు బిందెల నీళ్ళు కుమ్మరించి, పక్కలు మీదే వేసుకుంటారు. బిందెల నీళ్ళలో కూడా సైన్సు ఉంది. ఒక లీటరు నీరు ఆవిరైతే యూనిట్టులో మూడింట రెండు వంతుల వేడిని ఎత్తుకుపోతుంది. పట్టణాల్లో మధ్య అంతస్తుల వాళ్ళకి ఆ డాబా ఎక్కే వీలు లేదు. పై అంతస్తు అద్దెకున్నవాళ్ళకి ఓనరు తాళం చెవి ఇస్తే ఉంది, లేకపోతే లేదు.

రాత్రి వేడి గురించి ఇంత చెప్పడానికి కారణముంది. పగలంతా ఎండకి అలిసిన గుండె, రక్తనాళాలు తేరుకునేది నిద్రలో, చల్లటి వేళల్లో. రాత్రి కూడా ఒళ్ళు చల్లారకపోతే మర్నాటి ఎండని తట్టుకునే శక్తి తగ్గుతుంది. వరసగా మూడు నాలుగు రోజులు అలా గడిస్తే వడదెబ్బ ప్రమాదం పెరుగుతుంది. 2015 మే నెల వడగాలులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. వాళ్ళంతా కప్పుల వల్ల పోయారని అనను. ఎండలో పని చేసినవాళ్ళు ఎందరో. కానీ పగలు ఎండలో ఉన్న మనిషి రాత్రి ఏ కప్పు కింద పడుకున్నాడన్నది కూడా వైద్యులు, ఇంజినీర్లు కలిసి అడగాల్సిన ప్రశ్న.

పాత కప్పులు ఈ రెండు తప్పులూ చేయకుండా తప్పించుకున్నాయి. తాటాకు పొరల మధ్య బోలెడు గాలి చిక్కుకుని ఉంటుంది. కదలని గాలిని మించిన వేడి నిరోధకం ఇంటి సామాన్లలో లేదు. పైగా తాటాకు బరువు తక్కువ, వేడిని దాచుకోదు. పగలూ రాత్రీ కూడా చల్లన. దాని లోపం నిప్పు. వేసవి గాలికి ఒక పొయ్యి రవ్వ వాడకి వాడనే బూడిద చేసిన సంగతులు మన జిల్లాల్లో ఎన్నో. మూడు నాలుగేళ్ళకోసారి మళ్ళీ కప్పాలి. తాటాకిల్లు వదిలి స్లాబు కోరుకున్నవారిని ఎవరూ తప్పు పట్టలేరు.

కుమ్మరి సారె మీద చేసిన గూన పెంకులది ఇంకో తరహా. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పేరుస్తారు. వరసల మధ్య సందుల్లోంచి వేడి గాలి పైకి పోతుంది. మట్టి పెంకు వానకి కాస్త నీరు పీల్చి, ఎండకి ఆవిరి చేసుకుని చల్లబడుతుంది. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగళూరు దగ్గర జెప్పులో యంత్రం మీద పెంకులు అచ్చు వేయడం మొదలుపెట్టాక ఒకదానికొకటి గాడిలో కూర్చునే పెంకు వచ్చింది. గోదావరి ఒండ్రు మట్టితో రాజమండ్రి చుట్టుపక్కల కూడా అలాంటి పెంకుల ఫ్యాక్టరీలు నడిచాయి. తెలంగాణ పల్లెల్లో గూన పెంకుల ఇళ్ళు కనుమరుగు కావడానికి ఎండా వానా కారణం కాదు. అడవులు తరిగి ఊళ్ళ మీద పడ్డ కోతులు ఒక కారణం, ఏటా తొలకరికి ముందు పెంకులు సర్దే మనుషులు దొరకకపోవడం రెండో కారణం.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది రాయలసీమ మట్టి మిద్దె. దూలాల మీద కట్టెలో బండలో పరిచి, ఆకులలమలు వేసి, పైన జానెడుకి మించి మట్టి మెత్తుతారు. చదును కప్పు, అందులో మట్టిది, అయినా కురవదు. ఎలా? రహస్యం పై పొరలో వేసే చవుడు మట్టిలో ఉంది. బంకమట్టి రేణువుల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. మామూలు నేలల్లో వాటిని కాల్షియం అయాన్లు గట్టిగా పట్టి గుత్తులుగా ఉంచుతాయి. ఆ గుత్తుల సందుల్లోంచి నీరు ఇంకుతుంది. చవుడులో కాల్షియం చోట సోడియం ఉంటుంది. దాని పట్టు బలహీనం. వాన తగలగానే రేణువులు విడిపోయి, సన్నటి సందులన్నిటిలో చేరి పూడ్చేస్తాయి. తొలి చినుకులకి తడిసిన పొరే మిగతా వానకి తలుపు మూస్తుంది. చెరువుల్లో, కాలవల్లో నీరు ఇంకకుండా ఇంజినీర్లు వాడే సోడియం బెంటొనైట్ పని చేసేదీ ఈ సూత్రం మీదే. చవుడు నేలలో పంట పండకపోవడానికి కారణం కూడా ఈ గుణమే. దాన్ని విరగ్గొట్టడానికే రైతులు పొలానికి జిప్సం రూపంలో కాల్షియం వేస్తారు. పొలంలో వదిలించుకోవాలని చూసే దాన్ని ఏరి తెచ్చి మిద్దెకెక్కించిన మనుషులకి అయాన్ల సంగతి తెలియదు, నేల నడవడి మాత్రం క్షుణ్ణంగా తెలుసు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ వాన పడే అనంతపురానికి ఇది సరిపోయింది. దానికి రెట్టింపు వాన పడే కోస్తాలో ఇది నిలవదు. అంత మందం మట్టిలో వేడి ఇంకి కిందికి చేరేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది, అప్పటికి దాని పదును చాలావరకు పోయి ఉంటుంది.

కోస్తాకి వచ్చేసరికి వేడితో పాటు గాలిని లెక్కలోకి తీసుకోవాలి. విశాఖ తీరానికి మన నిర్మాణ నియమావళి సెకనుకి 50 మీటర్ల గాలి వేగాన్ని నిర్దేశించింది. గంటకి 180 కిలోమీటర్లన్నమాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ తీవ్రతతోనే విశాఖని తాకింది. ఆ వేగానికి గాలి ఒత్తిడి చదరపు మీటరుకి దాదాపు 150 కిలోల బరువుతో సమానం. గాలి కప్పుని కిందికి నొక్కుతుందని అనుకుంటాం, కానీ వాలు తక్కువున్న కప్పుని అది పైకి పీకుతుంది. అంచుల దగ్గర, మూలల్లో ఆ లాగుడు ఇంకా ఎక్కువ. ఐరన్ రేకు బరువు చదరపు మీటరుకి ఐదు కిలోలైనా ఉండదు. మంగళూరు పెంకులు 40 కిలోల పైన. స్లాబు 300 కిలోలు. ఏది నిలుస్తుందో అంకెలే చెబుతున్నాయి. ఉప్పెన వచ్చినప్పుడు పైకెక్కి నిలబడే చోటు కూడా డాబాయే. తీరానికి దగ్గరగా ఇల్లు కట్టుకునేవారికి నేను స్లాబునే సూచిస్తాను, వేడి సంగతి వేరేగా చూసుకోవచ్చు. అయితే సముద్రపు ఉప్పుగాలి కాంక్రీటు రంధ్రాల్లోంచి ఇనుప ఊచలని చేరితే తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమించి సీలింగుని పెచ్చులుగా ఊడగొడుతుంది. ఊచలు కాంక్రీటు లోపలికే ఉండేలా కింద కవరు బిళ్ళలు పెట్టకుండా స్లాబు పోయనివ్వకూడదు. రేకులే వేయక తప్పకపోతే వాలు 30 డిగ్రీలకి దగ్గరగా, నాలుగు వైపులా వాలేలా పెట్టాలి. అంచుల్లో కొక్కేలు దగ్గర దగ్గరగా బిగించాలి, వాసాలని గోడకి ఇనుప పట్టీలతో కట్టాలి. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో మత్స్యకారుల గుండ్రటి చుట్టిళ్ళు శంఖులాంటి కప్పుతో, నేలకి వంగిన చూరుతో ఉంటాయి. గాలికి పట్టు దొరకని ఆకారం అది.

స్లాబు వేసుకున్నవారు, వేసుకోబోయేవారు వేడికి ఏం చేయాలి? అన్నిటికన్నా చవకైన పని తెలుపు. మామూలు సిమెంటు డాబా తన మీద పడ్డ ఎండలో మూడింట రెండు వంతులకి పైగా పీలుస్తుంది. తాజా సున్నం పూస్తే పీల్చేది నాలుగో వంతుకి పడిపోతుంది. హైదరాబాద్‌లో ఆఫీసు కప్పుల మీద ఐఐఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల కలిసి చేసిన కొలతల్లో, కాంక్రీటు కప్పుకి తెల్ల పూత వేస్తే చల్లదనానికయ్యే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులని చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది. ఉగాదికి గోడలకి సున్నం వేయడం మన అలవాటు. అదే రోజు జిగురు కలిపిన సున్నం డాబా మీద కూడా రెండు చేతులు వేయిస్తే వేసవంతా మేలు చేస్తుంది. దుమ్ముకి, పాచికి తెలుపు మాస్తుంది కాబట్టి ఏటా మళ్ళీ వేయాల్సిందే.

రెండోది స్లాబు పైన పొర. బోర్లించిన మట్టి కుండలు పరిచి సున్నపు కాంక్రీటు పోయడం పాత పద్ధతి, ఇప్పటికీ పనికొస్తుంది. ఇటుక ముక్కల సున్నపు పొర, దానిమీద తెల్ల పెంకు బిళ్ళలు కూడా మంచివే. పొర పైన ఉంటే స్లాబు అంతగా వేడెక్కదు, వ్యాకోచించి పగుళ్ళివ్వదు. అదే పొరని గది లోపల సీలింగుకి అంటిస్తే గది చల్లబడుతుంది గానీ స్లాబు పాట్లు స్లాబు పడుతూనే ఉంటుంది. కొత్తగా పోసేవారు ఫిల్లర్ స్లాబు గురించి మేస్త్రీతో మాట్లాడవచ్చు. స్లాబు అడుగుభాగంలోని కాంక్రీటు లాగుడుకి పనికిరాదు, ఆ పని ఊచలది. అందుకే ఊచల మధ్య గళ్ళలో జంట పెంకులు పెట్టి పోస్తారు. కాంక్రీటు, బరువు తగ్గుతాయి, పెంకుల మధ్య చిక్కిన గాలి వేడిని అడ్డుకుంటుంది. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ఈ పద్ధతిలో ఎన్నో ఇళ్ళు కట్టాడు. దీన్ని డిజైను తెలిసిన ఇంజినీరు చేత గీయించుకోవాలి, ఊహతో పెంకులు ఇరికించకూడదు.

రేకుల ఇంట్లో ఉండక తప్పనివారికి రేకుకీ మనిషికీ మధ్య ఇంకో పొర కావాలి. వెదురు తడికలు అడుగున్నర కిందికి దించి కట్టి, రెండు చివర్లా గాలి పోయేందుకు సందు వదిలితే, కిరణాలని తడిక ఆపుతుంది, వేడెక్కిన గాలి సందుల్లోంచి బయటికి పోతుంది. పెరట్లో సొర పాదో బీర పాదో రేకుల మీదికి పాకిస్తే ఆకుల నీడా, ఆవిరీ రెండూ దక్కుతాయి.

ఇల్లు మొదలుపెట్టబోయేవారు మేస్త్రీ మాటతోనో, దుకాణం వాడి మాటతోనో తేల్చుకోకుండా ఒక పని చేయవచ్చు. ఏప్రిల్‌లో, మీరు అనుకుంటున్న కప్పు ఉన్న ఇల్లొకటి ఊళ్ళో చూసుకుని రెండుసార్లు వెళ్ళండి. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఇంకోసారి. రెండుసార్లూ స్టూలెక్కి సీలింగుకి అరచెయ్యి ఆనించి చూడండి. పై అంతస్తు గదిలోనే చూడాలి, కింది గది సీలింగు ఏమీ చెప్పదు.